ఏడో నంబరుకు తోడు

కోదాడలో ఒక ఫార్మసీ కాలేజీ బీరువాలో ఒక రిపోర్టు ఉంది. పిల్లిపీచర గడ్డ, అంటే శతావరి, మనాదికి పనిచేయదని అందులో రాశారు. పన్నెండు మంది మీద పరీక్ష చేశారట. ఆ పన్నెండు మందికీ పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఏడో నంబరు మా బావ బీరన్న. ఆ రిపోర్టు ఎంత తప్పో చెబుతాను. ఆ తప్పులో నా వాటా కూడా చెబుతాను. అది దాచిపెట్టి పక్కవాళ్ళను తిట్టడం నాకు చేతకాదు.

బావది పాలకీడు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెల మీద బతికే ఇల్లు. 2011 వానాకాలంలో నీలినాలుక రోగం వచ్చింది. గొర్రెల మూతులు వాచాయి, నాలుకలు నీలబడ్డాయి, కాళ్ళు కుంటుపడ్డాయి. నూట ఇరవై గొర్రెల్లో తొమ్మిది మిగిలితే, వాటిని ఇంటి వెనక కట్టేశారు. టీకాలు వస్తున్నాయి, వస్తున్నాయి అన్నారు. నిజంగానే వచ్చాయి, దొడ్డి ఖాళీ అయిన తర్వాత. సూదిమందు డబ్బా పట్టుకొచ్చినతను ఖాళీ దొడ్డి చూసి, "మరి సంతకం ఎవరు చేస్తారు?" అని అడిగాడు. నేనే చేశాను. ఆ కాగితం అతని మొహాన కొట్టనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బావ అంతకు ముందు ఎలాంటి మనిషంటే, నేను సూర్యాపేటలో నా జిరాక్సు దుకాణం మూసి వచ్చి, బస్సు దిగి ఇంకా గడప తొక్కకముందే ఏదో ఒకటి అంటించేవాడు. "ఏం బామ్మర్దీ, ఇయ్యాల ఏ సర్కారును పడగొట్టొచ్చినవ్?" అనేవాడు. ధర్నాలకు తిరుగుతానని నా మీద వేళాకోళం. అలాంటి మనిషి మాట మానేశాడు. దిగులైతే నాలుగు రోజులుండి పోతుంది. మనాది పోదు. తిండి మాన్పిస్తుంది, నిద్ర మాన్పిస్తుంది, సొంతవాళ్ళు ఎదురుగా నిలబడినా కంటికి ఆననివ్వదు. బావ గొంగడి కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది. ఆయన పొద్దంతా ఖాళీ దొడ్డి ముందు కూర్చునేవాడు.

ఒకరోజు మా అక్క బక్కమ్మ పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బాను, ఇంట్లో ఉన్న పలుపుతాళ్ళను మూటగట్టి వేరే వాళ్ళ ఇంట్లో పెట్టి వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మనిషిని దక్కించుకోవాలి, అంతే. ఇక మిగతాదంతా తర్వాత.

మిర్యాలగూడలో డాక్టర్ రామనర్సయ్య దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మంచివాడే. "ఇది రోగమే, సిగ్గుపడేదేం లేదు. గోళీలు మాత్రం ఆపొద్దు" అన్నాడు. బయట అరవై మంది కూర్చొని ఉన్నారు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? రెండు నెలలు గోళీలు మింగించాం. బావకు నిద్ర కొద్దిగా పట్టింది. కానీ కడుపు ఉబ్బరం, తిండి మీద విరక్తి, ఆ రాయిలాంటి మౌనం, ఏవీ కదలలేదు.

అప్పుడు అక్క నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"గొర్రె నెమరు ఆపితె ఏం జేస్తం తమ్మీ?"

"మంచి గొర్రె నోట్లకెల్లి నెమరు ముద్ద తీసి దాని నోట్లె పెడ్తం."

"ఎందుకు పెడ్తం?"

"దాని కడుపు మల్ల పనిజేస్తదని."

"మీ బావ గూడ నెమరు ఆపిండు. గంతే. దీనికి గింత పరేషాన్ ఎందుకు?"

ఆమె అత్త చేతి నుంచి వచ్చిన సల్లకుండ, అంటే మజ్జిగ కుండ, ఒకటి ఉంది. పిల్లిపీచర గడ్డలు గుట్ట మీది నుంచి తవ్వి తెచ్చి, పొట్టు తీసి, రోట్లో దంచి ఆ కుండలోని సల్లలో వేసేది. మూడు రోజులు ఊరనిచ్చి, పొద్దున్నే పరగడుపున గ్లాసెడు తాగించేది. ఆ కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయరు. అడుగున కొంచెం పుల్లటి సల్ల మిగలాలి. అదే తర్వాతి దానికి తోడు. అత్త కాలం నుంచీ ఆ తోడు తెగలేదు. వట్టి గడ్డ దంచి ఇస్తే ఏమవుతుందని అడిగితే, "పొట్ట బరువైతది. ఇంకేం గాదు" అనేది అక్క.

మూడు వారాలకు బావ రెండోసారి అన్నం అడిగాడు. ఐదో వారం, "నా గొంగడేది?" అన్నాడు. ఆ ఆదివారం నేను పోతే నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏం బామ్మర్దీ, గింత సన్నగైనవ్, ఆ మిషిన్ల నిన్ను గూడ జిరాక్సు తీసిన్రా?" అన్నాడు. అక్క వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గోళీలు ఎంత పనిచేశాయో, సల్ల ఎంత పనిచేసిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నమ్మకండి. నాకు తెలిసింది ఒక్కటే. గోళీలు అంతకు ముందూ మింగాడు, ఆ తర్వాతా మింగాడు. లేచింది సల్ల మొదలయ్యాకే. డాక్టర్ రామనర్సయ్యకు చెబితే ఆయన నవ్వి, "రెండూ నడవనియ్యి" అన్నాడు.

ఇక్కడ నా తెలివి బయటపడింది.

నా జిరాక్సు దుకాణం సూర్యాపేట బస్టాండు ఎదురుగా. పది దాకా కూడా పూర్తిగా చదవలేదు. మిషను కిందికి వచ్చిన ప్రతి కాగితం చదివి చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. 2012 ఎండాకాలంలో రమ్య అనే అమ్మాయి ఒక ప్రశ్నల పత్రం పట్టుకొచ్చింది. కోదాడలో ఫార్మసీ చదువుతోంది, ఇల్లు సూర్యాపేటే. మనాదికి పల్లెల్లో వాడే చెట్ల మందుల గురించిన పత్రం అది. నేనే ఎగబడి చెప్పాను. "మా అక్కను అడగండి, మా బావను చూడండి" అని. నా అక్క పేరు ఇంగ్లీషులో అచ్చవుతుందని పొంగిపోయాను.

వారంలోగా వాళ్ళ లెక్చరర్ శాంతకుమారి మేడమ్ కారులో దిగింది. మాట మెత్తన. అక్క ఇంటి అరుగు మీద కూర్చొని చక్కగా వివరించింది కూడా.

"మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయండి. మనం తినే పీచును అవి తిని కొన్ని పదార్థాలు తయారుచేస్తాయి. వాటి కబురు నరాల ద్వారా మెదడుకు వెళ్తుంది. మనసు బాగుండటానికి కడుపు బాగుండాలని ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధిస్తున్నారు."

అక్క నా వైపు చూసి, "నేను జెప్పిందే గద, కారేస్కొచ్చి చెప్పింది" అంది.

రమ్య ఫారం నింపడం మొదలుపెట్టింది.

"ఎంత వాడతారమ్మా?"

"చారెడు గడ్డ."

"దేంతో ఇస్తారు?"

"తోడుతోని. తోడు లేకుంట అస్సలే ఇయ్యొద్దు బిడ్డా. మంచిగ రాస్కో."

రమ్య మంచిగానే రాసుకుంది. అక్క చెప్పిన మాట అలాగే ఇంగ్లీషులోకి పోయిందనుకున్నాను. ఏ ఇంగ్లీషులోకి పోయిందో నాలుగు నెలల దాకా నేను చూడలేదు.

మేడమ్ కుండ మూత తీసి వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది. "మందు గడ్డలో ఉంది. మజ్జిగ మింగడానికే కదా, నీళ్ళైనా ఒకటే. ఇంత పాతది తాగితే ఏవేవో రోగాలు రావచ్చు. మేం గడ్డను శుభ్రం చేసి, ఆరబెట్టి, క్యాప్సూల్ గొట్టాల్లో నింపి ఇస్తాం. అరవై రోజులు. అన్నాళ్ళూ ఈ కుండ మాత్రం వద్దు. డాక్టరుగారి మాత్రలు మానకండి" అంది.

ఆమె వెళ్ళిన మర్నాడు కుండ కడిగింది నేనే. బూడిద వేసి తోమాను, సలసల కాగే నీళ్ళు పోశాను, ఎండలో బోర్లించాను. అక్క అడ్డం వచ్చింది.

"ఓరి సైదిగా, ముట్టకురా. తోడు సస్తది."

"సదువుకున్నోళ్ళు జెప్తున్నరక్కా. నీకు వాళ్ళకంటె ఎక్కువ తెలుసా?"

"సదువుకున్నోళ్ళు ఆయన కడుపుల దూరి సూసొచ్చిన్రా?"

నేను వినలేదు. జీవితమంతా పెద్దోళ్ళ మాట నమ్మొద్దని జనానికి కరపత్రాలు పంచినవాణ్ణి, కారు దిగిన మనిషి మాట విని మా అక్క అత్త కుండను తోమిపెట్టాను.

గొట్టాల సీసాతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. బావ గొట్టం మింగినప్పుడల్లా పక్కనున్నవాళ్ళు అందులో సంతకం పెట్టాలి. అక్క వేలిముద్ర వేసేది. "మింగేటిది ఆయనైతె నా యేలెందుకు?" అని ఓసారి రమ్యను అడిగింది. ఆ పిల్ల, "మీరు తోడుండాలని మీరే చెప్పారు కదమ్మా" అంది. పిల్ల పరాచికాలాడుతోందనుకొని అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇరవై రోజులకు బావ మళ్ళీ అన్నం ముందు నుంచి లేవడం మొదలుపెట్టాడు. నెలకు గొంగడి కొయ్యకెక్కింది. యాభయ్యో రోజు నాటికి ఖాళీ దొడ్డి ముందు పాత చోటే. అక్క మధ్యలోనే గొట్టాలు ఆపి కుండ పెట్టాలని చూసింది. ఏం పెడుతుంది? తోడు లేదు. చుట్టుపక్కల ఇళ్ళలో అడిగితే అందరిదీ ప్యాకెట్ పెరుగే. అది వేసి చూసింది. కుండలో అది పులవలేదు, కుళ్ళింది. పురుగుల మందు డబ్బా మళ్ళీ ఇల్లు మారింది.

మేడమ్‌కు ఫోన్ చేస్తే, "మధ్యలో మానితే లెక్క చెడిపోతుందండి, ఇంకా పది రోజులే కదా" అంది. లెక్క చెడుతుందట! మనిషి చెడుతుంటే పట్టలేదు.

దసరా ముందు రమ్య రిపోర్టు పట్టుకొని నా దుకాణానికే వచ్చింది, ఐదు కాపీలు తీసి స్పైరల్ వేయమని. మూడో పేజీ మిషన్ అద్దం మీద పెడుతూ చదివాను. 'మందు ఇచ్చే విధానం' అని శీర్షిక. కింద ఇంగ్లీషులో ఉన్నదాని అర్థం ఇది: 'రోగి పక్కన ఒక సహాయకుడు తప్పనిసరిగా ఉండాలి. సహాయకుడు లేకుండా మందు ఇవ్వరాదని స్థానిక వైద్యురాలు గట్టిగా చెప్పింది. ఈ నియమాన్ని పన్నెండు మంది విషయంలోనూ పూర్తిగా పాటించాం.'

మూడుసార్లు చదివాను. మిషన్ వెలుగు వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది.

"అమ్మా రమ్యా, తోడంటే ఏందమ్మా?"

"అటెండెంట్ అంకుల్. పక్కన ఉండే మనిషి."

"మీ హాస్టల్ల పెరుగు ఎట్ల చేస్తరు?"

"చెయ్యరు. ప్యాకెట్ వస్తది." అని, సగంలో ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అంకుల్" అంది.

ఆ పిల్లను తిట్టలేకపోయాను. ఒక కాపీ నా దగ్గర ఉంచుకొని, షట్టర్ దించి బండి తీశాను.

బావ అక్క సైదమ్మను మాడుగులపల్లికి ఇచ్చారు. వాళ్ళింట్లో ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు సారెతో పాటు చిన్న ముంతలో తల్లి కుండలోని తోడు పంపుతారు. ముప్పై ఏళ్ళ కిందటి ముంత. అది బతికి ఉంటే బావ బతుకుతాడు. దారంతా నాకు అదే లెక్క. పోయేసరికి పొద్దు గుంకింది. దీపం పెట్టి ఉంది. నేను జరిగిందంతా చెప్పాను.

"మా యమ్మ కుండను బూడిదేసి తోమినవా?" సైదమ్మ వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "దాన్ని తోమే బదులు నీ నెత్తి తోముకోకపోయినవ్? జర తెలివన్న వస్తుండె."

"తిట్టు వదినా, ఎంతన్న తిట్టు. తోడున్నదా, సచ్చిందా?"

"ఉన్నది. సచ్చుడేంది? నేను నీ తీరు సదువుకోలేదు గద."

"అయితె ఇయ్యి, పోత."

"దీపం పెట్టినంక తోడియ్యం. తిని పండుకో. పొద్దుగాల తీస్కపో."

"వదినా, ఆడ నీ తమ్ముడు..."

"నా తమ్ముడని నాకెర్కనే. గిన్ని నెలలు ఆగితివి, ఒక్కపూట ఆగలేవ్? దీపం పెట్టినంక ఇస్తె ఇంట్ల తోడు ఆగదు. పండుకో."

మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, నోరు మూసుకొని పడుకున్నాను. కోళ్ళు లేవకముందే ఆమె చిన్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. దాన్ని అంగీ లోపల పెట్టుకొని, కుదుపులకు ఒలకకుండా బండిని తోసుకుపోయినంత మెల్లగా నడిపాను.

అక్క డబ్బా మూత తీసి వాసన చూసింది. "మా అత్తదే" అంది. ఇంకేం అనలేదు నన్ను. అంటే బాగుండేది.

ఈసారి బావ లేవడానికి మొదటిసారికంటే ఎక్కువ కాలం పట్టింది. ఎందుకు పట్టదు? ఒకసారి లేచిన మనిషిని మళ్ళీ పడేశాం. డిసెంబరు నాటికి అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మాట మాత్రం అడిగినదానికే. మిగిలిన తొమ్మిది గొర్రెల దగ్గరికి పోయి నిలబడి వచ్చేవాడు. వేళాకోళం లేదు.

అదే నెలలో కోదాడ కాలేజీలో సభ పెట్టారు. బ్యానర్, పూలగుత్తులు, బిస్కెట్లు. శాంతకుమారి మేడమ్ తెర మీద బొమ్మలు చూపించి, చివర 'ప్రభావం కనిపించలేదు' అని తేల్చింది. పల్లెల్లో ఇలాంటి నమ్మకాలు చాలా ఉన్నాయి, శాస్త్రీయంగా పరీక్షిస్తే నిలబడవు అంది. ముందు వరుసలో వాళ్ళు తలలూపారు. నేను వెనక నుంచి లేచాను.

"మేడమ్, ఏడో నంబరు మా బావ. మీరడిగితె మా అక్క ఏం జెప్పింది? తోడు లేకుంట ఇయ్యొద్దన్నది. తోడంటే ఏంది?"

"సహాయకుడు. దాన్ని మేం కచ్చితంగా పాటించామండి, సంతకాలున్నాయి."

"మీ ఇంట్ల పాలు పెరుగెట్లయితయి మేడమ్? పాల పక్కన మనిషిని కూసోబెడ్తరా?"

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఆమె మొహంలో నెత్తురు దిగిపోవడం వెనక వరుస నుంచే కనిపించింది.

"కడుపుల కోట్ల జీవాలున్నయని మీరే జెప్తిరి. గడ్డ వాటికి మేతని మీరే జెప్తిరి. మనాదిల పడ్డోని కడుపుల ఆ జీవాలు సచ్చినయ్, మా దొడ్డిల గొర్లు సచ్చినట్టు. మా అక్క మొదలు మంద తోలింది, తర్వాత మేతేసింది. మీరు మంద వద్దన్నరు, కుండ ముట్టొద్దన్నరు, ఖాళీ దొడ్డిల అరవై దినాలు మేతేసిన్రు. తినలేదని రాసిన్రు. మా బావ సచ్చుంటె ఏం రాద్దురు? ఏడో నంబరు రాలేదని రాద్దురా?"

ఎవరో వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ప్రశ్నలకు టైమ్ అయిపోయింది" అన్నారు. రిపోర్టు ఇప్పటికే పైకి పంపించారట, మార్చడం కుదరదట. నన్ను బయటికి నడిపిస్తూ చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టారు. దాన్ని గేటు దగ్గర కుక్కకు వేశాను.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక సాయంత్రం మేడమ్ మా అక్క ఇంటికి వచ్చింది. ఈసారి కారు లేదు, బస్సు దిగి నడిచి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. నేనక్కడే ఉన్నాను. బావ అరుగు మీద గొంగడి కప్పుకొని ఉన్నాడు.

"బక్కమ్మగారూ, తప్పు జరిగింది" అంది. "మా రిపోర్టు వెనక్కి తెప్పించుకోలేను. మళ్ళీ మొదటి నుంచి చేస్తాను, మీరు చేసినట్టే. మీ కుండలో ఏమేం ఉన్నాయో ముందు చూడాలి. కొంచెం తోడు ఇస్తారా?"

"మళ్ళా చేస్తరా? అప్పుడు తప్పని బయట చెప్తరా, బీరువాల పెడ్తరా?" అని నేను లేచాను.

"నువ్వు జర ఊకో తమ్మీ" అంది అక్క. మేడమ్‌ను చూసింది, డబ్బాను చూసింది, గూట్లో వెలుగుతున్న దీపాన్ని చూసింది. "దీపం పెట్టిన బిడ్డా. ఇప్పుడియ్య. పొద్దుగాల రాండ్రి, ఎంత గావాల్నంటె అంతిస్త."

"నేను కోదాడ నుంచి వచ్చానమ్మా. చీకటి పడితే బస్సు..."

"నేను మిమ్ముల అరవై దినాలు నమ్మిన. మీరొక్క పొద్దు నమ్ముండ్రి."

మేడమ్ ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకొని, రేపు పొద్దున్నే వస్తానని చెప్పి మెట్లు దిగింది. నేను కదల్లేదు. నాకు ఇంకా కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు.

అరుగు మీద గొంగడి కదిలింది.

"ఏం బామ్మర్దీ, గట్ల గుడ్లు మిటకరిస్తవేంది?" అన్నాడు బావ. ఆరు నెలల తర్వాత ఆ గొంతు. "లేచి మేడమ్‌ను బస్సు కాడ దింపు. తోడు లేకుంట అస్సలే పంపొద్దని మీ అక్క ఎన్నడో జెప్పింది."

అక్క చేతిలో గంటె కింద పడింది. నేను లేచాను. మేడమ్‌ను బస్సు దాకా దింపాను. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను.